దేశాల ఉన్నత విద్యా విధానాలను పోల్చడం ఎలా: విశాఖ నుంచి పరిశోధన మొదలుపెట్టేవారికి

ఉన్నత విద్య మీద తులనాత్మక పరిశోధన చేస్తామని వచ్చే విద్యార్థుల సినాప్సిస్‌లలో శీర్షిక చాలాసార్లు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది: ‘భారత్, ఫిన్లాండ్ విద్యా విధానాలు – ఒక తులనాత్మక పరిశీలన’. అందులో రెండు దేశాల పేర్లున్నాయి గానీ ప్రశ్న లేదు. ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 42.9 లక్షలు. అంటే మన పాత జిల్లాకు కాస్త పెద్దదైన దేశాన్ని తెచ్చి 140 కోట్ల జనం పక్కన నిలబెట్టి, ‘అక్కడ బాగుంది, ఇక్కడ బాగోలేదు’ అని తేల్చడానికి మూడేళ్లు ఖర్చు పెట్టబోతున్నారన్నమాట. ఎంఏ డిసర్టేషన్ గానీ పీహెచ్‌డీ గానీ ఈ రంగంలో మొదలుపెట్టబోయేవారు ఆ దారిన పడకుండా ఏం చేయాలో, ఏ క్రమంలో చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రశ్నను చిన్నది చేసుకోవడం

మార్క్ బ్రే, ముర్రే థామస్ అనే ఇద్దరు పండితులు 1995లో తులనాత్మక విద్యా పరిశోధనను ఒక ఘనంగా ఊహించుకోమన్నారు. దాని ఒక ముఖం మీద స్థలం ఉంటుంది: ప్రపంచ ఖండం, దేశం, రాష్ట్రం, జిల్లా, విద్యాసంస్థ, తరగతి, వ్యక్తి. రెండో ముఖం మీద జనవర్గం ఉంటుంది: కులం, మతం, లింగం, వయసు వంటివి. మూడో ముఖం మీద విద్యలోని అంశం ఉంటుంది: పాఠ్యప్రణాళిక, నిధులు, పరిపాలన వంటివి. మీ శీర్షికను ఈ మూడు ముఖాల మీదా వేలు పెట్టి చూపించగలిగితే అది పరిశోధన ప్రశ్న అవుతుంది. చూపించలేకపోతే ఇంకా ఆసక్తి దగ్గరే ఆగి ఉన్నట్టు లెక్క.

ఈ వ్యాసం పొడుగునా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: డిగ్రీ చదువు ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఇది కూడా పెద్దదే. దీన్ని ఇలా కుదించవచ్చు: తక్కువ ఆదాయం ఉన్న కుటుంబంలో మొదటిసారి డిగ్రీలో చేరిన విద్యార్థి ట్యూషన్ ఫీజును ప్రభుత్వం ఏ దారిన మోస్తోంది, ఆ దారి మారినప్పుడు విద్యార్థి ఎంపికలో ఏం మారింది? ఇందులో స్థలం ఇంకా ఖాళీగా ఉంది. దాన్ని నింపడం తరువాతి పని, అదే కష్టమైన పని కూడా.

ఏ దేశం, ఏ స్థాయి

‘బ్రిటన్‌లో ఫీజు ఎంత?’ అని అడిగితే సమాధానం ఉండదు, ఎందుకంటే అక్కడ ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్ వేర్వేరుగా ఫీజు విధానాన్ని నిర్ణయించుకుంటాయి. జర్మనీలో ఉన్నత విద్య ప్రధానంగా 16 రాష్ట్రాల చేతిలో ఉంది. మన దేశంలో 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో విద్య రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారింది. నిబంధనలలో పెద్ద భాగం ఢిల్లీలో తయారవుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటివి మాత్రం అమరావతిలో నిర్ణయమవుతాయి. కాబట్టి ఫీజుల విషయంలో భారత్‌ను జర్మనీతో పోల్చడం కన్నా ఆంధ్రప్రదేశ్‌ను లోయర్ శాక్సనీ వంటి ఒక జర్మన్ రాష్ట్రంతో పోల్చడం సరైన పద్ధతి. ఒక రాష్ట్రాన్ని ఒక దేశంతో పోల్చడం తప్పేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ జనాభా, దక్షిణ కొరియా జనాభా రెండూ దాదాపు అయిదు కోట్ల దగ్గరే ఉంటాయి, రెండుచోట్లా ప్రైవేటు సంస్థల వాటా ఎక్కువే. అయితే ఏ అధికారం ఎవరి చేతిలో ఉందో మొదటి అధ్యాయంలోనే రాసి తీరాలి.

దేశాలను ఎంచుకోవడానికి రెండు పాత పద్ధతులున్నాయి. అన్ని విషయాల్లోనూ దగ్గరగా ఉండి, మీరు అడిగే ఒక్క విషయంలో తేడా ఉన్నవాటిని పక్కపక్కన పెట్టడం ఒకటి. అన్నిటా దూరంగా ఉండి, ఒక్క ఫలితంలో కలిసేవాటిని పెట్టడం రెండోది. ఇంగ్లండ్, స్కాట్లాండ్ మొదటి రకానికి పాఠ్యపుస్తకంలో పెట్టదగిన ఉదాహరణ: ఒకే ప్రభువు, ఒకే భాష, ఒకే కరెన్సీ, కానీ స్కాట్లాండ్ విద్యార్థి సొంత దేశంలో మొదటి డిగ్రీ చదివితే ట్యూషన్ ఫీజు కట్టనక్కరలేదు, ఇంగ్లండ్ విద్యార్థి కట్టాలి. మీకు భాష రాని దేశాన్ని ఎంచుకుంటే ఆ దేశపు చట్టాలను అనువాదాల ద్వారానే చదివానని థీసిస్‌లో ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం పరువు తక్కువ కాదు. దాచడమే వైవాలో దొరికిపోతుంది.

ముందు మన వైపు వర్ణన

జార్జ్ బెరెడే 1964లో తులనాత్మక పద్ధతిని నాలుగు అంచెలుగా చెప్పాడు: వర్ణన, వ్యాఖ్యానం, పక్కపక్కన పెట్టడం, ఆ తరువాతే పోలిక. చాలామంది మొదటి రెండు అంచెలను విదేశానికే చేసి, మన వైపు తెలిసిందే కదా అని వదిలేస్తారు. ఇక్కడే పరిశోధన కుంటుపడుతుంది. మన ఇల్లు మనకు తెలుసన్నది చాలావరకు భ్రమ.

దీనికి నేను విద్యార్థుల చేత చేయించే అభ్యాసం ఒకటుంది. విశాఖ దాటి పోనక్కరలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రాష్ట్ర చట్టం కింద ఏర్పడింది. గీతం యూజీసీ చట్టం మూడో సెక్షన్ కింద డీమ్డ్ విశ్వవిద్యాలయం. 2008లో వచ్చిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పేరులో ‘జాతీయ’ ఉన్నా అది రాష్ట్ర చట్టంతో పుట్టినది. 2015లో మొదలైన ఐఐఎం 2017 నాటి ఐఐఎంల చట్టం కిందికి వస్తుంది. పెట్రోలియం, ఎనర్జీ సంస్థకు పార్లమెంటు చేసిన సొంత చట్టం ఉంది. వీటికి తోడు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న డిగ్రీ కాలేజీలు, వాటిలో స్వయంప్రతిపత్తి ఉన్నవి, ఎయిడెడ్‌వి (ప్రైవేటు యాజమాన్యం, ప్రభుత్వ నిధులు), ప్రైవేటువి. ఒక్కొక్క రకం నుంచి ఒక్కొక్క సంస్థను తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి: అధిపతిని ఎవరు నియమిస్తారు, ఫీజు ఎవరు నిర్ణయిస్తారు, కొత్త కోర్సుకు ఎవరి అనుమతి కావాలి, పట్టా మీద ఎవరి ముద్ర ఉంటుంది? సిటీ బస్సులో ఒక్క రోజులో చుట్టి రాగలిగిన సంస్థలకే ఇన్ని రకాల జవాబులు వస్తే, ‘భారత ఉన్నత విద్య’ అని ఒక్క మాటలో అనేయడం ఎంత సాహసమో అర్థమవుతుంది. తరువాత అవే నాలుగు ప్రశ్నలు విదేశీ వ్యవస్థను అడగండి. పోలికకు కావలసిన గడులు అక్కడే తయారవుతాయి.

జవాబులను అమర్చుకోవడానికి బర్టన్ క్లార్క్ 1983లో గీసిన త్రికోణం ఇప్పటికీ పనికొస్తుంది: ఒక కొస రాజ్యం, ఒక కొస మార్కెట్, మరొక కొస ఆచార్యవర్గం. ఏ వ్యవస్థ ఏ కొసకు దగ్గరగా ఉందో చూపడానికి అది సాధనం. చాలా థీసిస్‌లలో మాదిరిగా దాన్ని బొమ్మగా గీసి వదిలేస్తే దానివల్ల ప్రయోజనమేమీ ఉండదు.

‘ప్రభుత్వ’, ‘ప్రైవేటు’ అనే మాటల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. నేను మొదటిసారి రాసిన పత్రంలో బ్రిటన్ విశ్వవిద్యాలయాలన్నిటినీ ప్రభుత్వ వరుసలో పెట్టాను. నిజానికి అవి చట్టరీత్యా స్వతంత్ర సంస్థలు, ప్రభుత్వ నిధులు అందుకుంటాయి. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ వర్గీకరణలో అవి ‘ప్రభుత్వం మీద ఆధారపడిన ప్రైవేటు’ అనే గడిలోకి వస్తాయి. మన ఎయిడెడ్ కాలేజీని గుర్తు తెచ్చుకుని ఉంటే ఆ గడి నాకు కొత్తగా అనిపించేది కాదు.

అంకె వెనుక ఎవరున్నారు

ఈ రంగంలో ఎక్కువగా కనిపించే అంకె స్థూల నమోదు నిష్పత్తి, అంటే జీఈఆర్: ఏ వయసువారైనా సరే ఉన్నత విద్యలో చేరిన వారందరినీ లవంలో, ఆ చదువుకు తగిన వయసున్న జనాభాను హారంలో పెట్టి తీసే శాతం. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021–22లో మన దేశపు జీఈఆర్ 28.4. ఈ అంకెను పట్టుకెళ్లి యునెస్కో గణాంక సంస్థ పట్టికలోని ఇతర దేశాల అంకెల పక్కన పెట్టేవారు అనేకులు. అలా పెట్టకూడదు. మన సర్వే 18 నుంచి 23 ఏళ్ల వరకు, అంటే ఆరేళ్ల వయోవర్గాన్ని హారంలో తీసుకుంటుంది. యునెస్కో పద్ధతి పాఠశాల విద్య ముగిసిన తరువాతి అయిదేళ్ల వర్గాన్ని తీసుకుంటుంది. ఎంత తేడా వస్తుందో ఊహా లెక్కతో చూద్దాం: ఒక జిల్లాలో ఒక్కొక్క ఏడాది వయసువారు 10 వేల మంది, డిగ్రీ, ఆపై చదువుల్లో ఉన్నవారు మొత్తం 18 వేల మంది అనుకుందాం. ఆరేళ్ల హారంతో నిష్పత్తి 30, అయిదేళ్ల హారంతో 36. ఒక్క విద్యార్థి కూడా కొత్తగా చేరకుండానే ఆరు పాయింట్లు పెరిగాయి.

హారం ఇంకోరకంగా కూడా కదులుతుంది. 2014–15 సంవత్సరానికి మొదట ప్రకటించిన జీఈఆర్ 24.3. తరువాత 2011 జనాభా లెక్కల ఆధారంగా అంచనాలు సవరించినప్పుడు అదే సంవత్సరానికి 23.7 అయింది. పాత నివేదిక నుంచి ఒక ఏడాది, కొత్త నివేదిక నుంచి మరొక ఏడాది తీసుకుని గీత గీస్తే ఆ గీత అబద్ధం చెబుతుంది. కాలక్రమ పట్టిక ఎప్పుడూ ఒకే సంచికలోనిది ఒకే ఆధారంతో తీసుకోవాలి.

జాతీయ విద్యా విధానం 2020 ప్రకటించిన లక్ష్యం దగ్గర కూడా ఇలాంటి మెలికే ఉంది. 2018లో 26.3 ఉన్న జీఈఆర్‌ను 2035 నాటికి 50కి చేర్చాలని అందులో రాశారు గానీ, ఆ వాక్యంలో ‘వృత్తి విద్యతో కలిపి’ అనే మాట ఉంది. ఆ మాటను వదిలేసి, మార్టిన్ ట్రో 1973లో చెప్పిన దశలకు అంటగట్టేవారున్నారు. 15 శాతం లోపు ఉన్నత వర్గాల విద్య, 15 నుంచి 50 వరకు సామూహిక విద్య, 50 దాటితే సార్వత్రిక విద్య అని ఆయన విభజన. అమెరికా అనుభవం నుంచి పుట్టిన ఆ గీతలను మన మీద యథాతథంగా గీయవచ్చా అన్నదే ఒక మంచి థీసిస్ ప్రశ్న. నిష్పత్తి 100 దాటే దేశాలు కూడా ఉన్నాయి. గ్రీస్ అందులో ఒకటి. అక్కడ చదువు పూర్తి చేయకుండానే ఏళ్ల తరబడి పేరు నమోదై ఉండిపోయిన విద్యార్థులు లవంలో చేరడం అందుకు ఒక కారణం.

లవంలో ఎవరిని కలిపారన్నది భాషతో కూడా ముడిపడి ఉంది. మన దగ్గర పదో తరగతి పాసై ఇంటర్‌లో చేరిన పదహారేళ్ల పిల్లాడు ‘కాలేజీకి వెళ్తున్నా’ అంటాడు. అంతర్జాతీయ వర్గీకరణ అయిన ఐస్కెడ్ 2011లో ఇంటర్ మూడో స్థాయి, అంటే మాధ్యమిక విద్య. ఉన్నత విద్య అయిదు నుంచి ఎనిమిది వరకు ఉన్న స్థాయిలు. పదో తరగతి తరువాత పాలిసెట్ రాసి చేరే పాలిటెక్నిక్ విద్యార్థి మన సర్వేలో ఉన్నత విద్య లెక్కలోకి వస్తాడు. విదేశంలో అదే వయసులో వృత్తి శిక్షణలో ఉన్న పిల్లవాడు అక్కడి లెక్కల్లో ఎటు పడ్డాడో చూడకుండా రెండు అంకెలనూ కలిపితే పిల్లల వయసులే కలవవు.

ర్యాంకుల విషయంలో ఒక్క మాట చాలు. 2003లో మొదలైన ప్రపంచ విశ్వవిద్యాలయాల షాంఘై జాబితాలో నోబెల్, గణితానికిచ్చే ఫీల్డ్స్ బహుమతులకే 30 శాతం భారం ఉంది. విద్యా విధానం ఫలితాన్ని కొలవడానికి అది సాధనం కాదు.

‘ఉచితం’ అనే మాటను విప్పడం

ద్వారకానగర్ వీధుల్లో కన్సల్టెన్సీ బోర్డుల మీద ‘జర్మనీలో ఉచిత విద్య’ అని చదవని విద్యార్థి విశాఖలో ఉండడు. దూరపు కొండలు నునుపు. దగ్గరికి వెళ్తే ఆ మాటలో నాలుగు వేర్వేరు ప్రశ్నలు కనిపిస్తాయి: ప్రకటిత ఫీజు ఎంత, చేరేటప్పుడు డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది, చివరికి భారం ఎవరి మీద పడుతుంది, బతకడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

జర్మనీనే చూద్దాం. 2005లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఫీజులను నిషేధించే సమాఖ్య నిబంధనను కొట్టేసింది. ఆ తరువాత ఏడు రాష్ట్రాలు సెమిస్టరుకు సుమారు 500 యూరోల ఫీజు పెట్టాయి, ఒకటొకటిగా అన్నీ ఎత్తేశాయి, చివరగా 2014లో లోయర్ శాక్సనీ ఎత్తేసింది. ఒకే దేశంలో, పదేళ్ల లోపు, ఫీజు పెట్టి తీసేసిన రాష్ట్రాలు, అసలు పెట్టని రాష్ట్రాలు పక్కపక్కన ఉన్నాయి. పరిశోధకుడికి ఇంతకన్నా సిద్ధంగా ఉన్న ప్రయోగశాల దొరకదు. 2017 నుంచి బాడెన్–వుర్టెంబర్గ్ ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేయడం మొదలుపెట్టింది. ఫీజు లేని రాష్ట్రాలకు వెళ్లే మన విద్యార్థి కూడా వీసా కోసం బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) ఏడాది బతుకు ఖర్చు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. మరొకటి కూడా గమనించాలి: అక్కడ చాలా రాష్ట్రాలలో నాలుగో తరగతి తరువాతే పిల్లలను వేర్వేరు రకాల బడులకు విడదీస్తారు. ద్వారం దగ్గర టికెట్ లేకపోయినా, ద్వారం దాకా ఎవరు చేరతారన్నది పదేళ్ల వయసులోనే కొంతవరకు తేలిపోతుంది. ఫీజు పట్టికలో ఇది కనబడదు.

ఇంగ్లండ్‌లో కథ వేరు. 1998లో 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు పరిమితి 2006లో 3,000కు, 2012లో 9,000కు పెరిగింది. అయితే విద్యార్థి చేరేటప్పుడు కట్టనక్కరలేదు. ప్రభుత్వం రుణంగా కడుతుంది. ఆదాయం ఒక గీత దాటాక పైమొత్తంలో 9 శాతం చొప్పున అతను తిరిగి చెల్లిస్తాడు, మిగిలింది గడువు తరువాత రద్దవుతుంది. 2023లో చేరినవారికి ఆ గడువు 30 నుంచి 40 ఏళ్లకు పెరిగింది. ఫీజు అంకె మారకుండానే భారం మారిపోయింది. ఆదాయాన్ని బట్టి తిరిగి చెల్లించే ఈ రుణ పద్ధతిని జాతీయ స్థాయిలో మొదట అమలు చేసింది 1989లో ఆస్ట్రేలియా.

ఇక మన ఫీజు రీయింబర్స్‌మెంట్. ఇది రుణం కాదు, తిరిగి కట్టేది లేదు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలై, పేర్లు మారుతూ కొనసాగుతోంది. ఒక దశలో డబ్బు కాలేజీ ఖాతాకు వెళ్లింది, మరొక దశలో తల్లి ఖాతాకు వెళ్లింది. డబ్బు ఎవరి చేతుల మీదుగా నడిచిందన్న ఈ ఒక్క మార్పే ఒక పూర్తి అధ్యాయానికి సరిపోతుంది: విడుదల ఆలస్యమైనప్పుడు కాలేజీ ఎవరిని అడిగింది, హాల్ టికెట్, సర్టిఫికెట్ల దగ్గర ఒత్తిడి ఎవరి మీద పడింది? ఇంగ్లండ్‌లో ఇలాంటి ఒత్తిడి విద్యార్థి ఉద్యోగంలో చేరాక మొదలవుతుంది, మన దగ్గర సెమిస్టర్ పరీక్షల ముందే వస్తుంది. పోలిక పెట్టాల్సింది ఫీజు మొత్తాల మధ్య కాదు, ఈ సమయాల మధ్య.

డబ్బును పోల్చేటప్పుడు మారకపు రేటుతో గుణించవద్దు. కొనుగోలు శక్తి సమానత ప్రకారం, అంటే అవే వస్తువులు కొనడానికి ఒక్కొక్క దేశంలో ఎంత డబ్బు కావాలో చూసి మార్చండి. అంతకన్నా మంచిది, ఫీజును ఆ ప్రాంతపు మధ్యస్థ కుటుంబ ఆదాయంలో ఎన్నో వంతో రాయడం.

అరువు తెచ్చుకున్న విధానాలు

మైఖేల్ శాడ్లర్ 1900లో గిల్డ్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగంలో, ఒక దేశపు బడులను అర్థం చేసుకోవాలంటే బడి లోపలి విషయాల కన్నా బయటి విషయాలు ఎక్కువ ముఖ్యమని, పరాయి తోటలో ఒక చోట పువ్వు, ఒక చోట ఆకు తుంచి తెచ్చి ఇంటి మట్టిలో గుచ్చితే మొక్క బతకదని చెప్పాడు. ఆయనే 1917 నుంచి 1919 వరకు కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్‌కు అధ్యక్షత వహించాడు. అప్పటికి ఇక్కడ పాతిన మొక్క వయసు ఆరు దశాబ్దాలు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో, పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే సంస్థలుగా స్థాపించారు. ఆ మరుసటి ఏడాదే, 1858లో, లండన్ విశ్వవిద్యాలయం పరీక్ష రాసేవారు అనుబంధ కళాశాలలో చదివి ఉండాలన్న నిబంధనను వదిలేసింది. మనం మాత్రం పట్టుకున్నాం. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మద్రాసు నుంచి విడివడినప్పుడు ఆ పద్ధతి కూడా వెంట వచ్చింది. ఇవాళ డిగ్రీ విద్యార్థి తన కాలేజీలో చదివి, విశ్వవిద్యాలయం పట్టా అందుకోవడం వెనుక లండన్, మద్రాసు, వాల్తేరు అనే ఈ ప్రయాణం ఉంది. విధానాన్ని అరువిచ్చిన చోట అది మారిపోయినా తెచ్చుకున్న చోట పాతరూపంలో నిలిచిపోవడం ఎందుకు జరుగుతుందన్నది అడగదగిన ప్రశ్న.

ఇప్పటి ఉదాహరణ నాలుగేళ్ల డిగ్రీ. డిగ్రీలను దేశాల మధ్య పోల్చదగిన తీరుకు తేవాలన్న 1999 బొలోన్యా ప్రకటన మీద సంతకం చేసిన ఐరోపా దేశాలలో చాలా భాగం పాత పొడవైన కోర్సులను విడగొట్టి మూడేళ్ల మొదటి డిగ్రీ వైపు వెళ్లాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2013లో నాలుగేళ్ల కోర్సు తెచ్చి 2014లో వెనక్కి తీసుకుంది. 2020 విధానం దాన్ని మళ్లీ తెచ్చింది. ఇలాంటి వాటిని చదవడానికి ఫిలిప్స్, ఓక్స్ చెప్పిన నాలుగు దశలు అనువుగా ఉంటాయి: పరాయి విధానం పట్ల ఆకర్షణ, నిర్ణయం, అమలు, ఇక్కడి నేలలో కలిసిపోవడం. ప్రభుత్వ పత్రాల్లో మొదటి రెండు దశలు దొరుకుతాయి. చివరి రెండింటికి కాలేజీకి వెళ్లాల్సిందే: టైం టేబుల్ చూడాలి, నాలుగో ఏడాదికి ఎంతమంది మిగిలారో రిజిస్టర్ చూడాలి.

సమాచారం, ఇంటర్వ్యూలు

యునెస్కో గణాంక సంస్థ, ఓఈసీడీ వార్షిక విద్యా నివేదిక, ఐరోపా దేశాల విద్యా వ్యవస్థల వివరాలకు యూరిడైస్, అమెరికా కాలేజీల గణాంకాలకు ఐపెడ్స్, మనకు అఖిల భారత సర్వే: ఇవి ఇంట్లో కూర్చుని తెరవదగినవి. పట్టికల కన్నా ముందు వాటి వివరణ సంపుటాలు చదవండి. పాత కమిషన్ నివేదికలకు, విశ్వవిద్యాలయ క్యాలెండర్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వీఎస్ కృష్ణా గ్రంథాలయం అలమరాలు వెతకాలి. అక్కడ ఒక పూట పోయినా అది వృథా కాదు.

ఇంటర్వ్యూలకు నైతిక అనుమతి ముందే తీసుకోవాలి, సమ్మతి పత్రం తెలుగులో కూడా ఉండాలి. జర్మనీలో చదివి వచ్చినవారు ఊళ్లోనే దొరుకుతారు గానీ, వారు ఎంపిక దాటి వెళ్లిన వారన్న సంగతి మరవకూడదు. వీసా రానివారు, మధ్యలో తిరిగి వచ్చినవారు కూడా మీ జాబితాలో ఉండాలి.

రాసేటప్పుడు

విదేశం గురించి రాసిన వర్ణన అధ్యాయాన్ని ఆ దేశంలో చదువుతున్న లేదా చదువు చెబుతున్న ఒకరికి చూపించండి. మన వైపు అధ్యాయాన్ని ఒక అనుబంధ కాలేజీ ప్రిన్సిపాల్‌కో సీనియర్ అధ్యాపకుడికో ఇవ్వండి. ‘ఇది ఇలా జరగదండీ’ అని వారు అనే చోట్లు మీ గైడ్ కంటికి దొరకనివి.

చివరి పోలిక పట్టికలో అన్ని గడులూ నిండవు. తల్లి ఖాతాకు సమానమైనది ఇంగ్లండ్ వరుసలో ఉండదు, రుణ రద్దుకు సమానమైనది మన వరుసలో ఉండదు. దగ్గరగా ఉన్నదేదో తెచ్చి ఆ గడిలో కూరవద్దు. ఖాళీగా వదిలి, ఎందుకు ఖాళీయో కింద ఒక్క వాక్యంలో రాయండి. వైవాలో మొదటి ప్రశ్న ఎక్కువగా ఆ ఖాళీ గడి దగ్గరే వస్తుంది, దానికి జవాబు అప్పటికే మీ దగ్గర ఉంటుంది.